ఊళ్ళ వరుసతో కొలిచే మంచుగోళాలు



నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల, సూర్యకాంతి బాగా పలచబడి చేరే చోట, మంచుతోను రాతితోను ముద్దకట్టిన చిన్న గోళాలు లెక్కకు మిక్కిలిగా తిరుగుతున్నాయి. ప్లూటోను, దాని ఉపగ్రహాన్ని పక్కన పెడితే, వాటిలో మొదటిది 1992లో డేవిడ్ జెవిట్, జేన్ లూ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు దొరికింది. ఇప్పటికి వేలసంఖ్యలో నమోదయ్యాయి. ఎంత గొప్ప దూరదర్శినితో చూసినా వాటిలో దాదాపు అన్నీ ఒట్టి చుక్కలే. చుక్కకు వెడల్పు ఉండదు గదా! అయినా ఫలానా గోళం వ్యాసం ఇంత, పొడవు ఇంత అని పుస్తకాలలో నిక్కచ్చిగా అంకెలు కనబడతాయి. ఆ అంకెలు ఎలా వచ్చాయన్నదే ఈ టపాలోని విషయం.

సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుడికి ఈ గోళాలతో ఏమి పని అని మీలో కొందరు అడగవచ్చు. గురువు, లఘువు, మాత్ర, గణం, యతిస్థానం: మా విద్యలో సగం కొలతే. కొలత అన్న మాట ఎక్కడ వినబడినా చెవి అటు తిరగడం నాబోటివాడికి సహజం. పైగా ఈ గోళాలను కొలిచే పద్ధతిని చదివినకొద్దీ మన పంచాంగంలోని మాటలు, మన తర్కశాస్త్రంలోని మాటలు ఒకటొకటిగా ఎదురవుతూ వచ్చాయి. ఎక్కడో చదివి మరచిపోయే వింతగా కాక, మా చింతలపూడివంటి ఊరు చేయి వేయగల పనిగా ఇది నాకు తోచింది. అందుకే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

మొదట చిక్కు ఏమిటో చూద్దాం. దూరాన ఉన్న గోళం తనంత తాను వెలగదు. సూర్యుని వెలుగును తిప్పి పంపుతుంది. మనకు అందే వెలుగు రెండింటిమీద ఆధారపడుతుంది: గోళం ఎంత పెద్దది, దాని ఒళ్ళు ఎంత తెల్లనిది. రాత్రివేళ మామిడితోటలో కావలి కాసేవాడు టార్చిలైటు వేసినప్పుడు దూరాన చెట్టుకు కట్టిన చిన్న తెల్లగుడ్డ ఎంతగా మెరుస్తుందో, మసిబారిన పెద్ద గోనెపట్టా కూడా అంతగానే మెరవవచ్చు. మెరుపును మాత్రమే చూసి గుడ్డ కొలత చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

ప్లూటో కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టాంబా దానిని కనుగొన్నప్పుడు భూమికి సాటిరాగల గ్రహమని భావించారు. ఆ తర్వాత దశాబ్దం గడిచేకొద్దీ అంచనా తగ్గుతూ వచ్చింది. 1978లో జేమ్స్ క్రిస్టీ దాని ఉపగ్రహం కేరన్‌ను గుర్తించాక తూకం తెలిసింది. భూమిలో దాదాపు ఐదువందలవ వంతు! తుది కొలత 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక దాని పక్కగా వెళ్ళినప్పుడు తేలింది. వ్యాసం సుమారు 2,377 కి.మీ. మన చంద్రుని వ్యాసంలో మూడింట రెండు వంతులు.

వెలుగుతోపాటు వేడిని కూడా కొలిచి పరిమాణం లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. నల్లని వస్తువు సూర్యరశ్మిని ఎక్కువగా తాగి ఎక్కువ వేడిని విడుస్తుంది. తెల్లనిది తక్కువగా విడుస్తుంది. రెంటినీ జోడిస్తే తెలుపూ తెలుస్తుంది, పరిమాణమూ తెలుస్తుంది. స్పిట్జర్, హెర్షెల్ అనే అంతరిక్ష దూరదర్శినులు ఇలా ఎన్నో గోళాలను కొలిచాయి. కాని ఇది అంచనాయే. 2005లో ప్రకటించిన ఎరిస్ విషయంలో ఇటువంటి అంచనాలలో ఒకటి 3,000 కి.మీ. దాకా పోయింది. ప్లూటోకంటె పెద్దదన్న ఆ చర్చే ముదిరి, 2006 ఆగస్టులో ప్లూటోను గ్రహాల వరుసనుండి తప్పించడానికి దారి తీసింది. ఆ వార్త మీకందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇక అసలు పద్ధతికి వస్తాను. గోళం మనకు కనబడకపోయినా, ఆకాశంలో కదిలిపోతూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక నక్షత్రానికి అడ్డు వస్తుంది. అప్పుడు ఆ నక్షత్రం ఒక్క క్షణం మాయమై మళ్ళీ వెలుగుతుంది. మన సిద్ధాంత గ్రంథాలలో గ్రహణం చెప్పేటప్పుడు కప్పేదానిని ఛాదకమని, కప్పబడేదానిని ఛాద్యమని అంటారు. ఇక్కడ ఛాదకం మంచుగోళం, ఛాద్యం నక్షత్రం. నక్షత్రం అనంతమైన దూరంలో ఉన్నట్లే కనుక దాని కిరణాలు సమాంతరంగా వస్తాయి. అందువల్ల భూమిమీద పడే నీడ సరిగ్గా గోళమంతే ఉంటుంది, పెరగదు, తరగదు. గోళం ఎన్ని వందల కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నా దాని నిండుకొలత నీడ మన పొలాలమీదుగా పరుగెత్తుతుంది. ఆ నీడను కొలిస్తే గోళాన్ని కొలిచినట్లే.

ఆ పరుగు వేగం ఎక్కువగా మన భూమిదే. భూమి సెకనుకు సుమారు 30 కి.మీ. వేగంతో సూర్యుని చుట్టూ తిరుగుతుంది కనుక నీడ సెకనుకు ఇరవై, ఇరవై అయిదు కి.మీ. చొప్పున జారిపోవడం సాధారణం. లెక్కకు 24 అనుకుందాం. పంచాంగంలోని విఘడియ అంటే 24 సెకన్లు. ఒక్క విఘడియలో నీడ 576 కి.మీ. దాటిపోతుందన్నమాట. కాలాన్ని ఒక సెకను అటూ ఇటూగా వ్రాసుకుంటే కొలతలో 24 కి.మీ. తేడా వస్తుంది. అందుకే ఈ పనిలో దూరదర్శినికంటె గడియారానికే విలువ ఎక్కువ. నేడు ఉపగ్రహాలనుండి అందే కాలసంకేతం ఆ కొరతను తీర్చింది.

గ్రహణం వచ్చినప్పుడు పంచాంగకర్తలు స్పర్శకాలం, మధ్యకాలం, మోక్షకాలం అని మూడు వేళలు ఇస్తారు. నక్షత్రం మాయమైన క్షణం స్పర్శ, తిరిగి వెలిగిన క్షణం మోక్షం. రెంటి నడుమ కాలాన్ని నీడ వేగంతో గుణిస్తే ఆ ఊరి మీదుగా గోళం ఎంత నిడివి సాగిందో తెలుస్తుంది. జ్యామితిలో దానికి జ్య అని పేరు. వింటికి నారి వంటిది. ఒక ఊరు ఇచ్చేది ఒక్క జ్య మాత్రమే. అది వృత్తం నడుమనుండి పోయిందో, అంచునుండి పోయిందో ఆ ఒక్క ఊరికి తెలియదు. రెండో ఊరు కావాలి.

ఇక్కడ ఆర్యభటుడు తోడు వస్తాడు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఒక నియమం ఉంది. జ్య నడిబిందువునుండి వృత్తపు అంచుదాకా గీసిన గీతను శరం అంటారు. జ్యకు ఇరువైపులా రెండు శరాలు. ఆ రెండు శరాల గుణకారం సగం జ్య యొక్క వర్గానికి సమానం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో జ్యలను, శరాలను గురించి లెక్కలు చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి దింపాడు. నన్నయగారి కాలానికి దరిదాపులలోనే మన భాషలో గణితం ఉందన్న సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడల్లా వాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. నీడ పోయే దారికి అడ్డంగా చూస్తే రెండు ఊళ్ళ నడుమ 7 కి.మీ. దూరం ఉన్నదనుకోండి. రెండూ కేంద్రానికి ఒకే పక్కన ఉన్నాయి. మొదటి ఊళ్ళో నక్షత్రం సరిగ్గా ఒక సెకను మాయమైంది. జ్య 24 కి.మీ. రెండో ఊళ్ళో సెకనులో అయిదు పన్నెండవ వంతుల సేపు మాయమైంది. జ్య 10 కి.మీ. సగం జ్యలు 12, 5. వాటి వర్గాలు 144, 25. వృత్తవ్యాసం 26 అయితే, మొదటి జ్యకు శరాలు 8, 18. గుణిస్తే 144. రెండో జ్యకు శరాలు 1, 25. గుణిస్తే 25. చిన్న శరాలు రెంటి తేడా 8 లోనుండి 1 తీస్తే 7. ఊళ్ళ నడుమ దూరంతో సరిపోయింది. గోళం వ్యాసం 26 కి.మీ. పెన్సిలు, కాగితం ఉంటే తొమ్మిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క.

ఎరిస్‌ను కొలిచింది దాదాపు ఇలాగే. 2010 నవంబరు 6న అది ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు చిలీ దేశంలో రెండే రెండు చోట్ల, లా సియాలోను సాన్ పెద్రో దె అతకామాలోను, ఆ మరుగు చిక్కింది. గోళం గుండ్రమని ఎంచి ఆ రెండు జ్యలతో లెక్కగట్టిన వ్యాసం 2,326 కి.మీ. లోపం 12 కి.మీ. అటూ ఇటూ. మూడు వేలన్న అంచనా ఒక్క రాత్రితో సవరించబడింది. ఎరిస్ ప్లూటోకంటె రవంత చిన్నదనీ, అంతగా మెరిసింది దాని ఒళ్ళు తాజా మంచువలె తెల్లగా ఉండడం చేతననీ తేలింది. మన దేశంలో కూడా 2020 జూన్ 6న నైనీతాల్ దగ్గరి దేవస్థల్‌లో ప్లూటో ఒక నక్షత్రాన్ని కప్పడాన్ని 3.6 మీటర్ల, 1.3 మీటర్ల దూరదర్శినులతో పట్టుకొని, దాని పలుచని వాయుమండలపు ఒత్తిడిని లెక్కగట్టారు.

నీడ ఎక్కడ పడుతుందో ముందుగా తెలియాలంటే గోళం దారి తెలియాలి, నక్షత్రం స్థానం అంతకంటె బాగా తెలియాలి. ఈ రెండో పనిలో మన తెలుగునేల చేసిన చాకిరీ చాలామందికి తెలియదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో తెప్పించిన దూరదర్శినితో మొదలైన నిజామియా పరిశోధనాలయం 1908లో ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలు నమోదు చేయాలని ప్రపంచంలోని పరిశోధనాలయాలు భాగాలు పంచుకున్నప్పుడు ఒక దక్షిణపట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. తర్వాత పోట్స్‌డామ్ వారు వదిలివేసిన ఉత్తరపట్టీలో కొంత కూడా హైదరాబాదే తలకెత్తుకుంది. గాజుపలకలమీది లక్షలాది చుక్కలను ఒక్కొక్కటిగా భూతద్దంకింద పెట్టి కొలిచి, పన్నెండు సంపుటాలుగా అచ్చువేశారు. ఆర్. జె. పోకాక్ తర్వాత అధిపతి అయిన టి. పి. భాస్కరన్ కాలంలో ఆ పని చాలావరకు సాగింది. చంద్రుడు నక్షత్రాలను మరుగుపరచే వేళలను కూడా అక్కడ నమోదు చేసేవారు.

ఆ పలకలు కొలిచినవారికి తమ అంకెలు ఎవరికి పనికివస్తాయో తెలిసే దారి లేదు. దాదాపు ఏడెనిమిది దశాబ్దాల తర్వాత, 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల సొంత కదలికలను లెక్కగట్టినప్పుడు, పాత స్థానాలకు ఆధారంగా తీసుకున్నది ఆ అంతర్జాతీయ ఫోటోపట్టికనే. అందులో హైదరాబాదు పట్టీలు కూడా ఉన్నాయి. ఆ తర్వాత 2013 డిసెంబరులో ఎగిరిన గయా వ్యోమనౌక 2025 జనవరి దాకా ఆకాశాన్ని కొలిచి ఆ పాత పట్టికలన్నిటినీ మించిపోయింది. అది అట్లాగే జరగాలి. వెనకటివాని కొలతను సవరించగల కొలత వచ్చినప్పుడే వెనకటివాని శ్రమ సఫలమైనట్లు.

అచ్చయిన వేళ ఒకటి, కంటికి కనబడిన వేళ ఒకటి అన్న ఎరుక నాకు మా నాన్నగారి వలన కలిగింది. గ్రహణం వచ్చినప్పుడల్లా ఆయన పంచాంగంలోని స్పర్శ, మోక్ష కాలాల పక్కన తాను చూసిన వేళలను పెన్సిలుతో వ్రాసేవారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణంలో ఉస్మానియావారి జపాల్-రంగాపురం పరిశోధనాలయం సంపూర్ణచ్ఛాయ మార్గంలో పడింది. దేశవిదేశాల శాస్త్రజ్ఞులు అక్కడ చేరారు. ఆ రోజు ఎన్నో ఊళ్ళలో వీధులు నిర్మానుష్యం. తలుపులు బిగించుకున్నవారే ఎక్కువ. నాన్నగారు మాత్రం పెరట్లో పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, ఆ నీటిలో సూర్యబింబాన్ని చూస్తూ, నన్ను గడియారం దగ్గర నిలబెట్టారు. మబ్బు వచ్చి చూడలేకపోయిన గ్రహణాల దగ్గర "మేఘావృతం" అని, చూసినా పట్టు కనబడని చోట "చూచితిని, పట్టు కానరాలేదు" అని వ్రాసి ఉండేది. ఈ రెండు మాటలకు తేడా అప్పట్లో నేను ఆలోచించలేదు. ఈ మంచుగోళాల సంగతి చదివాకనే దాని బరువు తెలిసింది.

ఆ బరువు తెలియాలంటే అరోకాత్ కథ చెప్పుకోవాలి. ప్లూటోను దాటిన న్యూ హొరైజన్స్ నౌకకు తర్వాతి మజిలీగా, 2014లో హబుల్ దూరదర్శినితో ఒక చిన్న గోళాన్ని వెతికి పట్టుకున్నారు. ఆరువందల కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరం. మనకది ఎంత చిన్నగా కనబడుతుందో చెప్పాలంటే, భూగోళం చుట్టుకొలతలో దాదాపు సగం దూరాన ఒక మామిడికాయను పెట్టి చూసినట్లు. దాని పరిమాణం, ఆకారం ముందుగా తెలియకపోతే నౌకను ఎంత దగ్గరగా పంపాలో, ఎప్పుడు ఎటు చూడాలో తేల్చడం కష్టం. 2017లో అది వరుసగా మూడు నక్షత్రాలను కప్పబోతోందని లెక్క తేలింది. మార్క్ బూయీ అనే శాస్త్రజ్ఞుని నాయకత్వంలో జూన్ 3న అర్జెంటీనాలోను దక్షిణాఫ్రికాలోను చిన్న దూరదర్శినులను నీడదారికి అడ్డంగా పరచి కూర్చున్నారు. ఒక్కరికీ నక్షత్రం మాయం కాలేదు.

అంత దూరం వెళ్ళి, అంత ఖర్చుపెట్టి, ఏమీ చూడలేదు. అయినా ఆ రాత్రి వృథా పోలేదు. గడియారాలు సరిగా ఉన్నాయి, చూసింది సరైన నక్షత్రాన్నే. అంటే నీడ ఆ గీతలమీద పడలేదన్నది నిశ్చయం. వస్తువు అనుకున్నంత పెద్దది కాకపోవచ్చునన్న ఆలోచన అక్కడ మొదలయింది. లెక్కలు సవరించుకొని జూలై 17న అర్జెంటీనాలోని కొమొదోరో రివదావియా పట్టణం చుట్టూ 24 దూరదర్శినులను మళ్ళీ పరచారు. గాలి విసురుకు దూరదర్శినులు కదలకుండా ఊరివారు లారీలు తెచ్చి అడ్డం నిలిపారు. దీపాల వెలుగు పడకుండా వీధిలైట్లు ఆర్పారు, రహదారిని రెండు గంటలపాటు మూశారు. ఆ రాత్రి 24 మందిలో అయిదుగురికి నక్షత్రం మాయమైంది. మిగిలిన 19 మందికి కాలేదు.

ఆ అయిదు జ్యలను పక్కపక్కన పేర్చి చూస్తే ఒకే గుండ్రనిగోళం కుదరలేదు. రెండు ముద్దలు అతుక్కున్న ఆకారం తోచింది. 2019 జనవరి 1న నౌక పక్కగా వెళ్ళి చూసినప్పుడు అచ్చం అదే. సుమారు 36 కి.మీ. పొడవున, రెండు చదునైన ముద్దలు మెడ దగ్గర అతుక్కొని ఉన్నాయి. అయిదుగురు చూసిన గీతలు ఆకారాన్ని చెప్పగా, ఏమీ చూడనివారు దాని ఎల్లలు చెప్పారు. మా లెక్కలో రెండో ఊరికి ఒకటిన్నర కి.మీ. అవతల మూడో ఊరు ఒకటి ఉండి, అక్కడివారు నక్షత్రం ఆరలేదని చెబితేనే వృత్తం అక్కడికి ముగిసిందన్నదానికి సాక్ష్యం.

నా దగ్గర చదువుకొని, ఇప్పుడు పొరుగు మండలంలో భౌతికశాస్త్రం చెబుతున్న ఒక శిష్యుడు ఈ మధ్య మా ఇంటికి వచ్చాడు. ఈ సంగతులన్నీ అతనికి చెప్పాను. అతడు నాకు అమెరికా పశ్చిమరాష్ట్రాల ముచ్చట ఒకటి చెప్పాడు. అక్కడ కెనడా సరిహద్దునుండి మెక్సికో సరిహద్దుదాకా దాదాపు రెండువేల కి.మీ. పొడవున యాభైకి పైగా చిన్న ఊళ్ళలోని బడులకు, 28 సెంటీమీటర్ల దూరదర్శిని, కెమెరా, కాలసంకేతపు పరికరం ఇచ్చారట. రీకాన్ అని దాని పేరు. మన అరోకాత్ వేటకు నాయకుడైన బూయీ, జాన్ కెల్లర్ అనే మరొకరు కలిసి మొదలుపెట్టినది. నీడ వచ్చే రాత్రి ఆ ఊళ్ళ ఉపాధ్యాయులు, పిల్లలు కలిసి చూస్తారు. ఏ ఊరి పక్కన ఏ ఊరు, ఎంత దూరాన ఉన్నదన్నదే అక్కడ కొలబద్దపై గీతలు.

నేను ఉత్సాహంగా, "అయితే మనమూ చేయవచ్చు గదా! తూర్పున జంగారెడ్డిగూడెం, కామవరపుకోట, నడుమ మన చింతలపూడి, తమ్మిలేరు దాటితే చాట్రాయి, ముసునూరు, నూజివీడు. ఈ వరుసలో బడిలేని ఊరు లేదు" అన్నాను.

అతడు నవ్వి, కాసేపు ఆగి అన్నాడు. "బాగానే ఉంటుంది మాస్టారూ. కాని పిల్లలను రాత్రి రెండింటికి లేపి కూర్చోబెడతాం. పదిసార్లలో తొమ్మిదిసార్లు నీడ మన ఊరిమీద పడదు. చుక్క మామూలుగా వెలుగుతూనే ఉంటుంది. మర్నాడు వాళ్ళు ఏం చూశాం సార్ అని అడుగుతారు. ఏమీ చూడలేదని ఎలా చెప్పమంటారు? పైగా మన బడులలో ప్రయోగం చేస్తే పుస్తకంలోని జవాబు రావాలి. రాకపోతే పక్కవాడిది చూసి వ్రాసుకుంటారు. మీకు తెలియనిదా?"

తెలియనిది కాదు. ఇది గట్టి ప్రశ్న. నా జవాబు నా చదువులోనుండే వెతుక్కోవలసి వచ్చింది.

జ్ఞానానికి సాధనాలు ఎన్ని అన్న చర్చలో భాట్టమీమాంసకులు, వారిని అనుసరించి అద్వైతులు, ప్రత్యక్షం, అనుమానం మొదలైనవాటితోపాటు అనుపలబ్ధి అని ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. నేలమీద కుండ లేదని నాకెలా తెలిసింది? కుండ కనబడకపోవడం వలననే తెలిసింది. అయితే చీకటిలో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పరాదు. ఉంటే తప్పక కనబడి ఉండేది అనదగిన పరిస్థితిలో కనబడకపోవాలి. దానికి యోగ్యానుపలబ్ధి అని పేరు. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, చూపు ఆ చోటనే ఉండాలి. అప్పుడే "లేదు" అన్న మాటకు "ఉంది" అన్న మాటతో సమానమైన విలువ. మా వ్యాకరణంలో పాణిని కూడా కనబడకుండా పోవడానికే లోపమని ఒక సంజ్ఞ పెట్టి, దానితో ఎన్నో కార్యాలు సాధించాడు.

"పిల్లలకు ఇదే చెప్పు నాయనా" అన్నాను. "మబ్బు పట్టి చూడలేకపోతే అది చీకటిలో కుండ. మనకు ఏమీ తెలియలేదు. ఆకాశం నిర్మలంగా ఉండి, సరైన చుక్కను సరైన వేళలో రెప్పవాల్చకుండా చూసి, అది ఆరలేదని వ్రాస్తే, గోళం అంచు మన ఊరికి ఇవతలే ఆగిందని ప్రపంచానికి చెప్పినట్లు. పక్క ఊరివాడిది చూసి వ్రాసుకుంటే మాత్రం గోళం లేనిచోట గోళం మొలుస్తుంది."

అతడు వెంటనే ఒప్పుకోలేదు. పరికరాల ఖర్చు, రాత్రిపూట ఆడపిల్లల రాకపోకలు, వానాకాలం నాలుగు నెలలు ఆకాశం మూసుకుపోవడం, పరీక్షల హడావుడి, ఇవన్నీ ఏకరువు పెట్టాడు. అన్నీ నిజమే. మాకు అనుకూలమైన కాలం మామిడి పూతకు వచ్చే పుష్యమాఘాలు. ఆ రోజులలో ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు దిగే గొడవ ఒకటి ఉంది. తోటల మధ్య వీధిదీపాలు లేని చోట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిలో కావలివాళ్ళు ఎట్లాగూ మేలుకొనే ఉంటారు.

అన్ని ఊళ్ళకూ ఒక్కసారి పరికరాలు అక్కరలేదు. రెండు ఊళ్ళతో మొదలుపెట్టవచ్చు. మంచుగోళాలతో కాక ముందు చంద్రునితో చేయి తిప్పుకోవచ్చు. చంద్రుడు నక్షత్రాలను కప్పడం తరచుగా జరిగేదే, చిన్న దూరదర్శినికి చిక్కేదే, నిజామియావారు చేసినదే. చేయి కుదిరాక అంగారక, గురుగ్రహాల నడుమ తిరిగే చిన్న గ్రహశకలాలకు పోవచ్చు. వాటి నీడలు తరచుగా వస్తాయి. ఆ తర్వాత నెప్ట్యూన్ ఆవలివి. ఏ రాత్రి ఏ నీడ ఎక్కడ పడుతుందో పారిస్‌లోని లక్కీ స్టార్ బృందంవంటివారు ముందుగానే అందరికీ ప్రకటిస్తున్నారు. 2025 జూన్‌లో తొలిచిత్రాలు విడుదల చేసిన వేరా రూబిన్ పరిశోధనాలయం వలన ఇటువంటి గోళాల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుందని అంచనా. కనుగొనేది ఆ ఒక్క పరిశోధనాలయమే అయినా కొలవడానికి వందల ఊళ్ళు కావాలి. ఎంత పెద్ద దూరదర్శిని అయినా ఒక చోటనే ఉంటుంది. ఏడు కి.మీ. ఎడంగా ఉన్న రెండు ఊళ్ళు చేసే పని అది ఒక్కటే చేయలేదు.

ఇందులో నాకున్న ఆరాటం గోళాలకంటె పిల్లలను గురించినది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలే పిల్లలకు ఇస్తూ వచ్చాం. సమాసం పేరు నాకు తెలుసు, వాడికి తెలుసునా అని అడిగేవాడిని. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒకటి మా ఊరి పిల్లవాడి ముందు పెట్టి, నువ్వు చూసి చెప్పేదే జవాబు, నీ మాటను నమ్మి ఎక్కడో లెక్క వేస్తారు, అని చెప్పే అవకాశం బడిలో ఎంత అరుదో అక్కడ పనిచేసినవారికి తెలుసు. ఆ నమ్మకాన్ని మోయడం నేర్చినవాడు రేపు ఏ ఉద్యోగంలో ఏ పట్టిక నింపినా చూడనిది చూసినట్లు వ్రాయడని నా ఆశ.

శిష్యుడు వెళ్ళబోతూ, నమోదుకు ఒక పుస్తకం తయారుచేసి పెట్టమన్నాడు. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం ఒకటి కొని గడులు గీశాను. ఊరు, అక్షాంశం, రేఖాంశం, నక్షత్రం పేరు, చూడడం మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, ఆకాశస్థితి, స్పర్శ, మోక్షం, చూసినవారి సంతకం. స్పర్శ, మోక్షం గడులలో వ్రాయడానికి ఏమీ లేని రాత్రులకు మూడు మాటలు అట్టలోపల రాసిపెట్టాను: "మేఘావృతం", "యంత్రదోషం", "చూచితిమి, మరుగు కాలేదు". మూడింటినీ కలగాపులగం చేయరాదని కింద గీత గీశాను. ఈ పుష్యంలో చంద్రునితో మొదలుపెడతామన్నాడు.

నూజివీడు, చింతలపూడి, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం ప్రాంతాలలో దూరదర్శిని ఉన్న మిత్రులెవరైనా ఉంటే, ఎంత చిన్నదైనా సరే, తెలియజేయగోరుతాను. కొలబద్దమీద మీ ఊరొక గీత అవుతుంది.

స్వస్తి.